నాంది, ప్రస్తావన, అవతారిక



ఏ కార్యమునకైనను ముందు జరుగవలసిన దొకటి యుండును. పెండ్లికి ముందు పందిరిరాట, సేద్యమునకు ముందు ఏరువాక, జాబునకు ముందు శ్రీకారము, చదువునకు ముందు ఓనమాలు, దేవుని యుత్సవమునకు ముందు అంకురార్పణము, నాటకమునకు ముందు నాంది, కావ్యమునకు ముందు అవతారిక, శాస్త్రమునకు ముందు ఉపోద్ఘాతము, అచ్చుపుస్తకమునకు ముందు పీఠిక. ఇన్ని మాటలు మన భాషలో నేల నిలిచినవి? 'మొదలు' అను నొక్క మాట చాలదా? చాలదనియే నా యుత్తరము. మొదలు వేరు, మొదటికి ముందు నడచునది వేరు. ఆ ముందు నడచుదానిలో నెన్ని పను లున్నవో అన్ని మాటలు పుట్టినవి.

పుస్తకము చేత బట్టగానే ముందుమాటను విడిచి కథలోనికి దూకుట చాలమందికి వాడుక. నాటకశాలకు ప్రార్థన ముగిసిన పిదప వచ్చిన చాలునని తలచువారును గలరు. వారి దృష్టిలో ముందుమాట యనగా కాలయాపనము. కాని మన పూర్వు లట్లు తలపలేదు. చెప్పువాడు తా నెవరో, ఎవరి ప్రేరణచే వచ్చెనో, ఏమి చెప్పబోవుచున్నాడో, ఎవరికొరకు చెప్పుచున్నాడో సభ యెదుట ఒప్పుకొను తావు ముందుమాటయే. ఆ తావు చెడినచో కృతి తల్లిదండ్రుల పేళ్లు తెలియని బిడ్డవంటి దగును. ఈ సంగతిని కొన్ని నిదర్శనములతో మీకు మనవి చేయదలచితిని.

శాస్త్రగ్రంథము నారంభించువాడు మొదట నాలుగు సంగతులు చెప్పవలెనని మన పండితుల నియమము. వానికి అనుబంధ చతుష్టయమని పేరు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యనునవి ఆ నాలుగు. దేనిని గూర్చి చెప్పెదవు, దానివలన లాభమేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధ మెట్టిది, దీనిని వినదగినవాడెవడు అను ప్రశ్నలకు ఇవి జవాబులు. నేనును ఆ మర్యాద పాటించెదను. నా విషయము ముందుమాటల చరిత్ర. ప్రయోజన మేమనగా, మన యిండ్లలోను ఊళ్లలోను మిగిలియున్న పాత వ్రాతల మొదటి యాకులను, మొదటి పుటలను కాపాడుకొనుట. ఆ ప్రయోజనమునకు ఈ చరిత్రయే దారి, అదియే సంబంధము. అధికారులు మీరే, ఏలయన అట్టి వ్రాతలు మీ యటకలమీదను, మీ పెట్టెలలోను ఉన్నవి.

మొదట ఇంటిలోని నాందిని చూతము. నాంది యను మాట సంతోషించుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. వివాహము, ఉపనయనము మొదలగు శుభకార్యములకు ముందు పితృదేవతలను సంతోషముతో గూడిన ముఖము గలవారినిగా భావించి చేయు కర్మకు నాందీముఖమని పేరు. ఇంట శుభము జరుగబోవుచున్నదని ముందుగా గతించిన పెద్దలకు తెలుపుటయే దాని భావము. ఇంతవర కందరు నెరిగినదే. దీనితో ముడిపడిన ధర్మశాస్త్ర నియమ మొకటి మరియు గమనింపదగినది. ఏ కార్యమెప్పుడు ప్రారంభమైనట్లు లెక్క? యజ్ఞమునకు ఋత్విజులను వరించుట ప్రారంభము. వ్రతమునకు సంకల్పము ప్రారంభము. వివాహాదులకు నాందీముఖము ప్రారంభము. శ్రాద్ధమునకు వంట మొదలిడుట ప్రారంభము. ఇట్లు ప్రారంభమైన పిమ్మట పురుడుగాని మైలగాని సంభవించినను ఆ కార్యమునకు అడ్డు రాదని శాస్త్రకారుల తీర్పు.

ఈ తీర్పులోని లోకజ్ఞానము మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పందిరి వేసి, బంధువులను రప్పించి, సంబారములు సమకూర్చుకొన్న యింట ఎక్కడనో దూరపు దాయాదుల యింట మైల వచ్చినదని పెండ్లి నిలిచిపోయినచో ఆ గృహస్థు గతి యేమి? కనుక ఒక గీత గీయవలసి వచ్చెను. ఆ గీతయే నాంది. మంగళసూత్రము కట్టుట పెండ్లి; కాని పెండ్లిని వెనుకకు మరలింపరాని స్థితికి తెచ్చునది నాంది. ముందు జరుగు చిన్న కర్మము వెనుక జరుగు పెద్ద కర్మమునకు కాపు కాయుచున్నదన్నమాట. నేటి పత్రికలలో ఒకరు ఏదైన మంచిపనికి 'నాంది పలికిరి' అని వ్రాయుదురు. ఇక వెనుకకు పోరాని మొదటి యడుగు వేసిరని దాని లోతు. ఆ లోతు ఇంటిలోని ఈ నాందివలననే తెలియుచున్నది.

ఇక రంగస్థలము. భరతుని నాట్యశాస్త్రమున అయిదవ యధ్యాయమంతయు పూర్వరంగమును గూర్చినదే. పూర్వరంగమనగా నాటకమునకు ముందు రంగమున జరుగు పని. దానికి పందొమ్మిది యంగములు చెప్పబడినవి. వానిలో తొమ్మిది తెరవెనుక, పది తెర తొలగిన పిదప. తెరవెనుక జరుగు వానిని చూడుడు. వాద్యములను వాని వాని తావుల నుంచుట ప్రత్యాహారము. గాయకులు తమ తావుల కూర్చుండుట అవతరణము. గొంతు సవరించుకొని పాటకు దిగుట ఆరంభము. వాద్యములను శ్రుతికి తెచ్చుకొనుట ఆశ్రావణము. తరువాత తంత్రులు సరిచూచుకొనుట, చేతి దెబ్బలు సరిచూచుకొనుట, మద్దెలయు వీణయు కలిసి పలుకునట్లు చేయుట. మన యూరి భాగవతులు మేళమును సిద్ధము చేసికొనునప్పుడు చేయు పనులును ఇవియే కదా! సామాన్యముగా మనము పనిలో లెక్కింపని సన్నాహమునకు సైతము అంగముల పేళ్లు పెట్టి శాస్త్రమున చోటిచ్చిన బుద్ధి భరతునిది.

తెర తొలగిన పిమ్మట సూత్రధారుడు ఇద్దరు పారిపార్శ్వికులతో ప్రవేశించును. వారిలో నొకడు నీటిపాత్రను, ఇంకొకడు జర్జరమను దండమును పట్టుకొనును. ఆ జర్జరము ఇంద్రుని ధ్వజదండము. విఘ్నములను పారద్రోలుటకు అది రంగమున నిలుపబడును. దిక్పాలకులకు నమస్కారము జరుగును. ఎనిమిది లేక పండ్రెండు పదములుగల నాంది చదువబడును. చివరకు ప్రరోచన వచ్చును. అనగా చూపబోవు కథయందు సభవారికి రుచి పుట్టించుట.

ఇంత విస్తారముగా చెప్పిన భరతుడే మరియొక హెచ్చరికయు చేసినాడు. పూర్వరంగమున ఆటపాటలు మితిమీరరాదట. మితిమీరినచో ఆడువారును అలసిపోవుదురు, చూచువారును అలసిపోవుదురు. అలసినవారికి అసలు నాటకమున రసము పట్టదు. రెండువేల యేండ్లనాటి దగు నా శాస్త్రమున ఈ మాట చదివినప్పుడు నేను నవ్వుకొంటిని. వందన సమర్పణలతోను, అధ్యక్షోపన్యాసములతోను ప్రొద్దుపుచ్చి, ముఖ్యవక్త లేచునప్పటికి సభ సగము ఖాళీ చేయించు నిర్వాహకులు నేటికిని ఉన్నారు. ముందుమాట యుండవలెను, అది అసలు మాటను మ్రింగరాదు. ఈ రెండును శాస్త్రమే.

పూర్వరంగము ముగిసిన పిదప వచ్చునది ప్రస్తావన. దీనికే ఆముఖమనియు పేరు. సూత్రధారుడు నటితోనో విదూషకునితోనో మాటలాడుచు, ఆ మాటల నడుమ కవి పేరును నాటకము పేరును చెప్పి, నేర్పుగ కథలోనికి దారితీసి తప్పుకొనును. ఈ మాట మూలము వేదమున నున్నది. సామగానమున మొదటి భాగమునకు ప్రస్తావమని పేరు. దానిని పాడు ఋత్విజుడు ప్రస్తోత. ఆతడు మొదలిడిన పిమ్మటనే ఉద్గాత ఉద్గీథము నందుకొనును. ఒకడు ఎత్తి యిచ్చుట, వేరొకడు అందుకొనుట యను పద్ధతి యజ్ఞశాలనుండి రంగశాలవరకు సాగినది.

ఈ ప్రస్తావనలో కవి పేరు చెప్పుట ఎంత ముఖ్యమో తెలుపుటకు భాసుని చరిత్రకంటె మంచి నిదర్శనము లేదు. కాళిదాసు తన మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో పారిపార్శ్వికునిచే నొక ప్రశ్న వేయించినాడు. భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు మొదలగు ప్రసిద్ధులుండగా ఈ క్రొత్త కవి నాటక మేల యని. ఆ యొక్క ప్రశ్నవలన భాసుడు కాళిదాసునకు పూర్వుడనియు, మిక్కిలి పేరుపొందినవాడనియు మనకు తెలిసినది. కాని భాసుని నాటకములు మాత్రము చిరకాలము పండితులకు కనబడలేదు. 1909వ సంవత్సరమున తిరువాన్కూరు సంస్థానమున టి. గణపతిశాస్త్రిగారికి మలయాళ లిపిలో వ్రాసిన తాటాకు గ్రంథములలో నాటకములు దొరకినవి. 1912 మొదలుకొని అనంతశయన గ్రంథమాలలో వానిని ప్రకటించి, అవి భాసుని పదుమూడు నాటకములని ఆయన సిద్ధాంతము చేసిరి.

పండితలోకము సంతోషించినది, వెంటనే కలహమును పుట్టినది. ఏలయన ఆ నాటకములలో ప్రస్తావనకు బదులు స్థాపన యను పేరున్నది. అది మిక్కిలి పొట్టిది. దానిలో కవి పేరు లేదు. గణపతిశాస్త్రిగారు తమ వాదమునకు ఆధారముగా బాణుని హర్షచరితమును చూపిరి. భాసుని నాటకములు సూత్రధారునితో ప్రారంభమగునని బాణుడు చెప్పియున్నాడు. దొరకిన నాటకములును అట్లే యున్నవి. కాళిదాసాదుల నాటకములలో నాందీశ్లోకము ముందు, సూత్రధారుని ప్రవేశము వెనుక. వీనిలో సూత్రధారుని ప్రవేశము ముందు, మంగళశ్లోకము వెనుక. కాని ఈ పద్ధతి దక్షిణదేశపు ఇతర నాటకముల ప్రతులలోను కలదని ఎదుటివారు చెప్పిరి. ఇవి కేరళమున చాక్యారులు రంగమునకై కుదించుకొన్న కూర్పులని కొందరు వాదించిరి. ఎన్ని గ్రంథములు వ్రాయబడినవో, ఎంతమంది పండితుల యాయువు ఈ వాదమున గడచినదో చెప్పనలవి గాదు. స్థాపనలో కవి పేరు ఒక్క మాటగ నున్నచో ఈ వివాదమంతయు లేకపోయెడిది. ముందుమాటలోని యొక్క పేరు విలువ యిది.

మన తెలుగు కవులు ఈ విషయమున ఎంతో జాగ్రత్తపరులు. కావ్యమునకు ముందు వారు వ్రాయు భాగమునకు అవతారిక యని పేరు. దిగివచ్చుట దాని యర్థము. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతి పుట్టుటకు కారణము, కృతిపతి వంశవర్ణనము, చివర షష్ఠ్యంతములు - ఇట్లు దానికొక క్రమ మేర్పడినది. ఈ యంగములలో మొదటివి భక్తికి, నడిమివి సాహిత్యమునకు ఉపకరించును. కృతికారణమును, వంశవర్ణనమును మాత్రము చరిత్రకు గనులు.

ఆంధ్రమహాభారతమునకు నన్నయభట్టు వ్రాసిన అవతారికనే చూడుడు. వేంగీదేశమున రాజమహేంద్రవరమున 1022 మొదలు 1061 వరకు ఏలిన రాజరాజనరేంద్రుడు తన వంశకర్తలైన పాండవుల కథను తెలుగున వినగోరెననియు, ఆ పనిలో నారాయణభట్టు తనకు, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణునివలె, తోడ్పడెననియు నన్నయ చెప్పినాడు. ఇది కవి మాట మాత్రమే యని ఎవరైన సందేహింపవచ్చును. కాని 1053వ సంవత్సరపు నందంపూడి తామ్రశాసనము బయలుపడినది. దానిలో రాజరాజు నందంపూడి గ్రామమును దానమిచ్చినది నారాయణభట్టునకు. ఆతడు పలుభాషలలో కవీశ్వరుడని ప్రశంసింపబడినాడు. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. తాటాకుపై చెప్పిన స్నేహమును రాగిరేకు రుజువు చేసినది. అవతారిక లేనిచో ఆ శాసనము ఒక భూదాన పత్రముగ మాత్రమే మిగులును. శాసనము లేనిచో అవతారిక కవి సౌజన్యముగ మాత్రమే మిగులును. రెండును కలిసినచోటనే చరిత్ర పుట్టినది.

తిక్కన నిర్వచనోత్తర రామాయణమును నెల్లూరు ప్రభువైన మనుమసిద్ధికి అంకిత మిచ్చినాడు. భారతమునకు వచ్చుసరికి ఆతని తీరు మారినది. విరాటపర్వపు అవతారికలో తండ్రియైన కొమ్మన స్వప్నమున కనబడుటయు, పిదప హరిహరనాథుడే ప్రత్యక్షమగుటయు ఆతడు చెప్పినాడు. కృతిని మనుష్యునకు గాక దేవునకే యిచ్చినాడు. శివకేశవుల భక్తులు వేరువేరుగ కక్షలు కట్టుచున్న కాలమున ఇద్దరిని ఒక్క మూర్తిగ కొలుచుటకు మంత్రియు కవియునైన వాడు ఎన్నుకొన్న చోటు ఏది? అవతారికయే. కథలో ఆ మాట చెప్పుట కెడము లేదు. వ్యాసుని కథను మార్చరాదు. తనదని చెప్పదగిన తావు కథకు ముందే యున్నది. తన మనస్సును అక్కడ పెట్టినాడు.

శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతి రాజు కాడు, వర్తకుడు. అవచి తిప్పయసెట్టి యాతని పేరు. కొండవీటిని 1386 మొదలు 1402 వరకు ఏలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములు మిక్కుటముగ చేయించుటచే వసంతరాయడని ప్రసిద్ధికెక్కెను. ఆ యుత్సవములకు కావలసిన సుగంధద్రవ్యములను సమకూర్చినది ఈ తిప్పయసెట్టి. శ్రీనాథు డా యింటి వర్తకమును వర్ణించుచు ఏ దేశమునుండి ఏ సరకు వచ్చెడిదో పేరుపేరున చెప్పినాడు. పంజారమునుండి కర్పూరము, సింహళమునుండి ఏనుగులు, హురుమంజినుండి గుఱ్ఱములు, భోటదేశమునుండి కస్తూరి, చీనానుండి పట్టువస్త్రములు. తరుణాసీరి, తవాయి యను బర్మా తీరపు రేవుల పేళ్లును అందున్నవి. శివుని కథకును ఈ సరకులకును సంబంధ మేమియు లేదు. కాని ఆరువందల యేండ్లకు పూర్వము తెలుగు వర్తకులు ఏయే సముద్రముల వ్యాపారము చేసిరో తెలిసికొనగోరు చరిత్రకారుడు మొదట విప్పునది ఈ శివకావ్యమునే, అందును దాని అవతారికనే. ఊరి సంతలో ధరవరలు వ్రాసి పెట్టుకొను మీకు ఈ విలువ సులభముగ బోధపడును.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో తాను కళింగముపై దండెత్తి పోవుచు విజయవాటికలో విడిసి, కృష్ణాతీరమున శ్రీకాకుళమునకు వచ్చి, ఏకాదశినాడు ఉపవసించి, ఆ రాత్రి ఆంధ్రవిష్ణువును కలగంటినని వ్రాసెను. ఆ స్వామి నోటనే తాను మునుపు సంస్కృతమున రచించిన కృతుల పేళ్లు చెప్పించెను. మదాలసాచరిత్రము, సత్యావధూప్రీణనము మొదలుగ అయిదు పేళ్లందున్నవి. తెలుగున వ్రాయుమని దేవుడేల కోరెనో, తెలుగు గొప్ప యేమో, అదియు అక్కడనే యున్నది. విజయనగర సార్వభౌముడు తెలుగును గూర్చి ఏమనుకొనెనో తెలిసికొనుటకు గోదాదేవి కథ యక్కరలేదు. కథకు ముందున్న ఆ కొన్ని పద్యములు చాలును.

పండితులకు అవతారిక యెట్టిదో పల్లెలో ఆటగాండ్రకు ప్రవేశము అట్టిది. వీథినాటకమున మద్దెల తాళముల మ్రోతతో ఊరిని మేల్కొలిపి, వినాయకుని స్తుతించి, పిదప పాత్రలను దింపుదురు. తోలుబొమ్మలాటలో గణపతి, సరస్వతి బొమ్మలు ముందు తెరపై వెలుగును. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ తెర వెనుకనుండి తన జడను తెరమీదుగ వ్రేలాడవేయును. ముఖము కనబడకముందే జడ కనబడుట, ఆ జడతో విద్వాంసులకు సవాలు పలుకుట! పిమ్మట ప్రవేశదరువు పాడుచు తా నెవరో తానే చెప్పుకొనును. తా నెవరో చెప్పుకొననిదే సభలో నిలువరాదను మర్యాద రాణివాసపు సత్యభామకు సైతము తప్పలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప అవతారిక చాలవరకు తగ్గి, పీఠిక వచ్చినది. పీఠిక యనగా విగ్రహమును నిలుపు పీట. కొందరు భూమిక యందురు, అది నేల. కొందరు ఉపోద్ఘాత మందురు. ముఖ్యవిషయమును సాధించుటకు ముందుగ కావలసిన యాలోచన యని తార్కికులు దాని కర్థము చెప్పుదురు. విజయనగర రాజ్యము తొలినాళ్లలో సాయణాచార్యులు ఋగ్వేదమునకు భాష్యము వ్రాయుచు మొదట దీర్ఘమైన యుపోద్ఘాతము వ్రాసి, వేదము ప్రమాణమగునా కాదా యను ప్రశ్ననే అందు చర్చించిరి. పీట గట్టిదైనగాని విగ్రహము నిలువదని వారి భావము.

పీఠిక యెంత బరువు మోయగలదో కన్యాశుల్కమువలన తెలియును. గురజాడ అప్పారావుగారి ఆ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. నాటకము తెలుగు, పీఠిక ఇంగ్లీషు. ఆ పీఠికలో అప్పారావుగారు చెప్పిన లెక్క యిది: విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహముల పట్టీ వ్రాయించిరి. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు జనులు జంకుటచే ఆ పట్టీ పూర్తిది కాదు. అయినను దానిలో 1034 పెండ్లిండ్లు లెక్కకు వచ్చినవి. వానిలో 99 మంది అయిదేండ్ల పిల్లలు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. నాటకము చూచినవారు గిరీశమును చూచి నవ్వుదురు, లుబ్ధావధానులను చూచి నవ్వుదురు. పీఠిక చదివినవారికి ఆ నవ్వు వెనుక నున్న యేడుపు తెలియును. పాత్రలచే చెప్పింపరాని యంకెలను కవి ముందుమాటలో నుంచినాడు. ఆ పుటలను త్రిప్పివేసినవాడు సగము కన్యాశుల్కమునే చదివినట్లు.

ముందుమాట గ్రంథములో భాగమా, కాదా యను ప్రశ్న ఒకప్పుడు దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. మన రాజ్యాంగమునకు ముందు నొక పీఠిక యున్నది. దానిని ప్రవేశిక యనియు అందురు. రాజ్యాంగసభవారు అనుచ్ఛేదములన్నియు చర్చించిన పిదపనే, 1949 అక్టోబరు 17న, దానిని చేతికెత్తుకొనిరి. తక్కిన గ్రంథమునకు అనుగుణముగ నుండవలెనని అట్లు చేసిరి. మొదట చదువబడునది చివర వ్రాయబడుట కావ్యకర్తలకును వాడుకయే. ఆ పీఠికలో నున్న సంగతులు చూడుడు. చెప్పువా రెవరు? భారత ప్రజలు. ఏ ప్రయోజనమునకై? న్యాయము, స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము. ఎప్పుడు? 1949 నవంబరు 26. కృతికర్త, ప్రయోజనము, కాలము - అవతారికా లక్షణమంతయు అందున్నది. 1960లో బేరుబారి వ్యవహారమున సుప్రీముకోర్టు ఈ పీఠిక రాజ్యాంగములో భాగము కాదని యభిప్రాయమిచ్చినది. 1973లో కేశవానంద భారతి వ్యాజ్యెమున అదే న్యాయస్థానము ఆ మాటను దిద్దుకొని, పీఠిక రాజ్యాంగములో భాగమే యని చెప్పినది. నాంది జరిగిన పెండ్లిని ఆపరాదన్న ధర్మశాస్త్రకారునకు ఈ తీర్పు వింతగ తోచదు.

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి మీరు చేయదగిన పని రెండు మాటలలో విన్నవించెదను. తాటాకు కట్టలలో ముందుగ చెడునవి మొదటి యాకులు, తుది యాకులు. కట్టకు రెండు ప్రక్కల బయటనుండునవి అవే. చెదలును, తడియు, చేతుల రాపిడియు మొదట తగులునది వానికే. మొదటి యాకులలో అవతారిక. తుది యాకున వ్రాసినవాని పేరు, ఊరు, తిథి. అనగా ఊరు, పేరు, కాలము తెలుపునవే మొదట నశించును. నడిమి కథ దొరకును, కథ యెవరిదో దొరకదు. కనుక మీ యింట అట్టి కట్టలున్నచో, శిథిలమైన పై యాకును పనికిరానిదని పారవేయకుడు. తునకయైనను దాచుడు. చదువ వచ్చినవారిచే ముందుగ ఆ యాకులకే నకలు వ్రాయింపుడు. అచ్చుపుస్తకములకు క్రొత్త అట్ట వేయించునపుడు మొదటి పుటలను బైండువాడు కత్తిరింపకుండ చూడుడు.

రెండవది. ఊరి సంగతులు, గుడి లెక్కలు, వంశవృక్షములు వ్రాసియుంచువారు మీలో నున్నారు. వ్రాయునపుడు మొదటి పుటలో మీ పేరు, ఊరు, ఎవరు చెప్పగ వ్రాసినదియు తప్పక వ్రాయుడు. సంవత్సరమును వ్రాయునపుడు ప్రభవాది నామమొక్కటియే వ్రాసి విడువకుడు. ఆ నామము అరువదియేండ్ల కొకసారి మరల వచ్చును. ధాత కరవనిన మన తాతలకు 1876వ సంవత్సరమున మొదలైన మహాక్షామము. కాని ధాత 1936లోను వచ్చినది, 1996లోను వచ్చినది. నామము ప్రక్కన అంకెను చేర్చుట యొక్క క్షణము పని. చేర్చకున్నచో మనుమలు ఏ ధాతయో తెలియక తర్కించుకొందురు.

భాసుని స్థాపనలో లేకపోయిన యొక్క పేరు పండితులను తరములకొలది తగవున నిలిపినది. నన్నయ అవతారికలో నిలిచిన యొక్క పేరు రాగిరేకుతో కలిసి సత్యమైనది. మన యూళ్ల చరిత్రకు ఈ రెండింటిలో ఏ గతి పట్టవలెనో మన చేతిలోనే యున్నది. మొదటి పుటను మొదట కాపాడుడు.